రాజుగారు, రాజావారు: ఊరి బడికి వచ్చింది ఎవరు?

మా ఇంట్లో ఏ శుభకార్యానికి నలుగురూ చేరినా, భోజనాలయ్యాక వక్కాకు నములుతూ కూర్చున్నప్పుడు ఒక పాత తగువు లేచేది. ఊరి బడికి రాజు వచ్చిన రోజు ఎప్పటిది అన్నదే ఆ తగువు. మా నాయనకు పెద్దన్న, అంటే మా పెదనాయన, అది తెల్లదొరల కాలంలో జరిగిందనేవాడు. మండుటెండల్లో, సెలవుల మధ్యన, అయ్యవారు ఇంటింటికీ మనిషిని పంపి పిలకాయలందర్నీ బడికి రప్పించాడనీ, కలకండ పంచిపెట్టి, రాజుగారి తల ఉన్న బిళ్లను చొక్కాలకు గుచ్చారనీ, తిరిగివచ్చేటప్పుడు గట్టు మీద తాటిముంజలు తిన్నామనీ చెప్పేవాడు. తొమ్మిదిమంది సంతానంలో ఆఖరిదైన మా మేనత్త దానికి ససేమిరా ఒప్పుకునేది కాదు. "నువ్వు చెప్పేది ఏందన్నా! ఆయన్ని నేను కళ్లారా చూశా. కారు దిగి, చెప్పులు బయటే విడిచి లోపలికి వచ్చినాడు. రేగిపళ్ల కాలం అది. నా చేతిలో బేడ కాసు పెట్టినాడు" అనేది. పెదనాయన నవ్వి, "నువ్వు అప్పటికి పుట్టనే లేదు గదమ్మా" అని తేల్చేసేవాడు.

పెదనాయన పోయి చాలా ఏళ్లయింది. మేనత్తకు ఎనభై దగ్గర పడుతున్నాయి. నేను చాలాకాలం పిల్లలకు సాంఘిక శాస్త్రం చెప్పినవాణ్ణి కాబట్టి ఈ తగువును పాఠంలాగా విడదీసి చూడాలన్న కోరిక ఎప్పటినుంచో ఉండేది. విడదీసి చూస్తే ఇద్దరూ నిజమే చెప్పారని తేలుతుంది. ఇద్దరు చెప్పింది రెండు వేరు వేరు రోజుల సంగతి, ఇద్దరు వేరు వేరు రాజుల సంగతి. మధ్యలో దాదాపు ఇరవై ఏళ్ల దూరం ఉంది. వాళ్లను కలిపేసింది 'రాజు' అనే ఒక్క మాట. పొదిలి వైపు, కనిగిరి వైపు, వెంకటగిరి వైపు పెద్దవాళ్ల దగ్గర ఇలాంటి జ్ఞాపకాలు ఇంకా ఉన్నాయి. వాటిని వినేటప్పుడు ఏది దేనికి సంబంధించిందో తెలియాలంటే ముందు ఆ మాటను విప్పాలి.

మన వాడుకలో రాజు, రాజుగారు, రాజావారు ఒకటి కావు. కథలో ఉండేవాడు రాజు. దొరతనం కాలపు పాఠాల్లో లండనులో ఉండే చక్రవర్తి 'రాజుగారు' లేదా 'జార్జి చక్రవర్తి'. శిస్తు కట్టించుకునే దివాణానికి యజమాని మాత్రం ఎప్పుడూ 'రాజావారు'. ఈ 'వారు' అన్న ప్రత్యయాన్ని మా ప్రాంతపు రైతు ఊరికే వాడడు. దివాణంతో లెక్క ఉన్నవాడే, పట్టా కోసమో, పుల్లరి (పశువుల మేత పన్ను) తగ్గించమనో, చెరువు కట్ట బాగు చేయించమనో ఎప్పుడో ఒకసారి చేతులు కట్టుకుని నిలబడ్డవాడే ఆ మాట వాడతాడు. పెదనాయన కథలో ఎప్పుడూ 'రాజుగారు' అనే వచ్చేది. మేనత్త కథలో ఎప్పుడూ 'రాజావారు' అనే వచ్చేది. ఇన్నేళ్లూ విన్న మేము ఆ తేడాను పట్టించుకోలేదు. తగువు తీర్చే మొదటి ఆధారం అసలు అక్కడే ఉంది.

ఈ రాజావారు అసలు రాజా, కాదా? ఇక్కడ చాలామంది పొరబడతారు. బ్రిటిషు కాలంలో దేశంలో రెండు రకాల 'రాజులు' ఉండేవారు. నిజాం, మైసూరు మహారాజు వంటివారు స్వదేశీ సంస్థానాధీశులు. వారికి సొంత కోర్టులు, సొంత పోలీసు, సొంత చట్టాలు ఉండేవి. బ్రిటిషు ప్రభుత్వంతో వారికి ఒడంబడికలు ఉండేవి. రెండో రకం జమీందార్లు. వీరు ఎంత పెద్ద కోటలో ఉన్నా, ఎన్ని ఏనుగులను కట్టినా, చట్టం దృష్టిలో ప్రభుత్వానికి ఏటా కట్టవలసిన పేష్కష్ కట్టి, గ్రామాల నుంచి శిస్తు వసూలు చేసుకునే హక్కు ఉన్న భూస్వాములే. నేరం జరిగితే విచారించేది బ్రిటిషు కోర్టు, ఊళ్లోకి వచ్చేది బ్రిటిషు పోలీసు. నేటి ఆంధ్రప్రదేశ్ ఎల్లల లోపల మొదటి రకానికి చెందినది బనగానపల్లె నవాబు సంస్థానం ఒక్కటే. విజయనగరం, బొబ్బిలి, పిఠాపురం, వెంకటగిరి అన్నీ రెండో రకమే. మనం 'వెంకటగిరి సంస్థానం' అని గౌరవంగా అంటాం గానీ, కాగితాల్లో అది 'వెంకటగిరి ఎస్టేటు'.

అయితే వెంకటగిరి ఏలిన వెలుగోటివారు ఈస్టిండియా కుంపెనీ వల్ల పుట్టుకొచ్చిన కొత్త భూస్వాములు కారు. అంతకు ముందునుంచే సైన్యం ఉన్న పాళెగాళ్లు. 1801లో ఆర్కాటు నవాబు పాలన కుంపెనీ చేతికి వచ్చినప్పుడు నెల్లూరు సీమ కూడా వచ్చింది. పడమటి పాళెగాళ్లు నవాబుకు చేయవలసిన సైనిక సేవను డబ్బుగా మార్చి, పేష్కష్‌లో కలిపి, 1802లో కుంపెనీ వారికి సనదులు (హక్కు పత్రాలు) ఇచ్చింది. కత్తి పోయి కవిలె (లెక్కల పుస్తకం) మిగిలింది అక్కడే. అప్పటినుంచి దాదాపు నూట యాభై ఏళ్లు పొదిలి, దర్శి ప్రాంతాల్లో చాలా ఊళ్లు వెంకటగిరి కిందనే ఉండేవి. కందుకూరు, కనిగిరి వైపు చుండి జమీ ఉండేది. పక్కపక్కనే సర్కారు గ్రామాలూ, పండితులకు ఇనాముగా ఇచ్చిన శ్రోత్రియం గ్రామాలూ ఉండేవి. ఒకే వాగుకు ఈ ఒడ్డున రైతు రాజావారికి, ఆ ఒడ్డున రైతు సర్కారుకు శిస్తు కట్టిన రోజులవి. మా ఊరు జమీను గ్రామం. ఏ జమీ అన్నది ఇక్కడ పేరు పెట్టి చెప్పను. ఆ కుటుంబంలో ఇప్పటికీ మనుషులున్నారు, మా ఇంటి తగువులోకి వాళ్లను లాగడం మర్యాద కాదు.

ఇంకో చిక్కు కూడా చెప్పాలి. పెద్ద జమీలు ముక్కలు కాకుండా ఉండాలని 1904లో మద్రాసు ప్రభుత్వం ఒక చట్టం చేసింది. దాని ప్రకారం జాబితాలో ఉన్న ఎస్టేట్లను పంచుకోవడానికి వీల్లేదు. ఎస్టేటు పెద్దకొడుక్కు వెళ్తుంది, తమ్ముళ్లకు భరణం వస్తుంది. కాగితం మీద రాజా ఒక్కరే అయినా తమ్ముళ్లు, కొడుకులు అందరూ ఊళ్ల వాడుకలో రాజావార్లే, కాకపోతే కుమారరాజావార్లు. "రాజావారు మా ఊరికి వచ్చారు" అని ఎవరైనా చెప్తే, వచ్చింది పట్టాభిషిక్తుడే అయి ఉండాలని లేదు. వేటకు వచ్చిన తమ్ముడు కావచ్చు, గుడి ఉత్సవానికి వచ్చిన చిన్నాయన కావచ్చు. దారి పక్కన దండం పెట్టినవాడికి ఆ తేడాతో పని లేదు.

ఇప్పుడు పెదనాయన బిళ్ల దగ్గరకు వద్దాం. ఆయన చెప్పినదాంట్లో గట్టి ఆనవాళ్లు మూడున్నాయి. వేసవి సెలవులు, తాటిముంజలు, రాజుగారి తల ఉన్న బిళ్ల. ముంజలు ఎండాకాలంలో తప్ప దొరకవు. జార్జి అయిదో చక్రవర్తి సింహాసనమెక్కి పాతికేళ్లయిన సందర్భంగా 1935 మే 6న సామ్రాజ్యమంతటా రజతోత్సవం చేశారు. బడిపిల్లలను పోగుచేసి మిఠాయిలు పెట్టడం, బొమ్మలూ బిళ్లలూ పంచడం ఆ ఉత్సవంలో భాగం. పెదనాయనకు అప్పుడు ఎనిమిదేళ్లు. "గాడు సేవు దికింగు" అని తాళం వేస్తూ పాడి చూపించేవాడు. ఆ మాటలకు అర్థం ఏమిటని అడిగితే, "పాట నేర్పిన అయ్యవారికే తెలీదు, నాకెట్టా తెలుస్తుంది?" అనేవాడు.

ఆ రాజుగారు మా ఊరు రాలేదు. ఆయన చక్రవర్తి హోదాలో ఇండియాకు వచ్చింది 1911లో, ఢిల్లీ దర్బారుకు. ఆయన కొడుకు, వేల్సు యువరాజు, 1921 నవంబరులో బొంబాయిలో దిగి, 1922 జనవరిలో మద్రాసు వచ్చాడు. ఆ పర్యటనను కాంగ్రెసు బహిష్కరించింది. అప్పటికి మా చుట్టుపక్కల గాలి ఎలా ఉందంటే, చీరాల పేరాలలో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో జనం పన్ను కట్టం అని ఊళ్లు ఖాళీ చేసి పాకల్లో ఉండి వచ్చారు. పెన్న ఒడ్డున పల్లిపాడులో 1921 ఏప్రిల్ 7న గాంధీ పినాకినీ ఆశ్రమాన్ని ప్రారంభించి వెళ్లారు. పద్నాలుగేళ్ల తర్వాత అదే జిల్లాలో పిల్లలు చొక్కాకు జార్జి బిళ్ల పెట్టుకుని కలకండ తిన్నారంటే ఎవరికైనా వింతగానే ఉంటుంది. కలకండ పెడితే ఎనిమిదేళ్ల పిల్లవాడు ఎందుకు తినడు? రాజుగారి బొమ్మ వచ్చిన రోజు కాలక్రమంలో పెదనాయన నోట రాజుగారు వచ్చిన రోజైంది. ఆయన అబద్ధమాడలేదు. బొమ్మకూ మనిషికీ మధ్య ఉన్న గీత యాభై ఏళ్లలో చెరిగిపోయింది, అంతే.

మేనత్త జ్ఞాపకం వేరే రకం. ఆమెకు చేతిలో ఆధారం ఉంది. రాజావారు పెట్టిన బేడను ఆమె ఖర్చు పెట్టలేదు. చాలాకాలం ఉప్పుజాడీ వెనక దాచి, ఆ తర్వాత పెళ్లిపెట్టెలో పెట్టుకుంది. నేను అడిగితే పోయిన సంక్రాంతికి తీసి చూపించింది. ఈ తరంవాళ్ల కోసం చెప్పాలి: రూపాయికి పదహారు అణాలు, బేడ అంటే రెండణాలు, నాలుగణాలైతే పావలా. అణా కాసు అంచు పువ్వు రేకుల్లాగా వంకులు తిరిగి ఉండేది. బేడ మాత్రం మూలలు గుండ్రంగా నొక్కిన నలుచదరపు బిళ్ల. మేనత్త బేడ మీద ఒకవైపు మూడు సింహాల తలలు ఉన్నాయి, ఇంకోవైపు మూపురం ఎత్తిన ఎద్దు ఉంది. రాజుగారి తల లేదు. గణతంత్ర భారత ప్రభుత్వం ఈ కొత్త నాణేల వరుసను 1950 ఆగస్టు 15న విడుదల చేసింది. ఆ ఎద్దు సారనాథ్ స్తంభ శిఖరం మీద ఉన్న ఎద్దు అని నేను చెప్తే మేనత్త ఒప్పుకోలేదు. అది ఒంగోలు గిత్త అని, మూపురం చూస్తే తెలియదా అని నన్నే ఎదురు అడిగింది. బిళ్లను వెలుతురుకు వంచి చూస్తే ఎద్దు కింద 1954 అని అంకెలు కనిపించాయి.

కాసు మీది సంవత్సరం ఒక వైపు హద్దు కడుతుంది. రాజావారు వచ్చింది 1954కు ముందు కాదు. రెండో వైపు హద్దు 1957 ఏప్రిల్ 1. ఆ రోజు నుంచి రూపాయికి నూరు నయాపైసలు వచ్చాయి. బేడకు లెక్క ప్రకారం పన్నెండున్నర రావాలి గానీ, మార్పిడి పట్టికలో పన్నెండే ఇచ్చారు. ఆ అరపైసా గురించి అంగళ్లలో జరిగిన పోట్లాటలు మా నాయన చెప్తుండేవాడు. ఆ తర్వాత కొంతకాలం పాత కాసులు చెల్లినా, పిల్లలకు పంచడానికి కొత్తగా సంచిలో తెచ్చుకునేది మాత్రం నయాపైసలే అయి ఉండేది.

మిగతా ముడిని విప్పింది ఒక పిల్లవాడి తప్పు జవాబు. రాజావారు పిల్లలను పరీక్షించాలని, ముందు వరసలో ఉన్నవాణ్ణి, "మన రాష్ట్ర రాజధాని ఏది నాయనా?" అని అడిగారట. వాడు గట్టిగా "చెన్నపట్నం!" అన్నాడు. అన్న చదివిన పాత పుస్తకంలో అదే ఉంది మరి. హెడ్మాస్టరు ముఖం మాడిపోయింది. వెనక వరస మొత్తం "కర్నూలు, కర్నూలు" అని అరిచింది. రాజావారు నవ్వి, "వాడు చెప్పింది నిన్నటిదాకా నిజమేలెండి" అన్నారట. పొట్టి శ్రీరాములు నిరాహారదీక్షలో 1952 డిసెంబరు 15న మరణించాక, 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. దానికి రాజధాని కర్నూలు. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ వచ్చి రాజధాని హైదరాబాదుకు మారింది. అంటే కర్నూలు రాజధానిగా ఉన్నది మూడేళ్ల చిల్లర. ఆ మధ్యలో, కాసు మీది 1954 తర్వాత, రేగిపళ్లు దొరికే జనవరి, ఫిబ్రవరి నెలలు వచ్చింది రెండుసార్లే: 1955లో, 1956లో. బడి గోడకు కొత్తగా కొట్టిన సున్నం కింద నుంచి కాడెద్దుల బొమ్మా, కంకీ కొడవలీ మసగ్గా కనిపించేవని, నెలంతా మైకు కట్టిన బండ్లు ఊళ్లోకి వచ్చాయని మేనత్త చెప్పింది. ఆంధ్ర రాష్ట్ర శాసనసభకు మధ్యంతర ఎన్నికలు జరిగింది 1955 ఫిబ్రవరిలో. కాబట్టి ఆ రోజు ఆ ఏటి ఫిబ్రవరి ప్రాంతంలోది. మేనత్తకు ఎనిమిదేళ్లు. ఇన్నేళ్ల తగువులో అన్నాచెల్లెళ్లిద్దరూ ఎనిమిదేళ్ల పిల్లల కళ్లతోనే చూస్తూ మాట్లాడారని నాకు అప్పుడు గాని తెలియలేదు.

ఇన్ని ఆనవాళ్లు పోగుచేసే బదులు బడి రిజిస్టరు చూస్తే సరిపోదా అని ఎవరైనా అడగవచ్చు. రిజిస్టర్లు నమ్మదగినవే, అన్ని విషయాల్లో కాదు. ఆ రిజిస్టరు ప్రకారం మా ఊళ్లో సగంమంది పిల్లలు జూలై 1నే పుట్టారు! బడిలో చేర్చుకునేటప్పుడు అయ్యవారికి అనువైన తేదీ అది. పైగా 1955 నాటి మా ఊరు నెల్లూరు జిల్లాలోది. 1970 ఫిబ్రవరి 2న నెల్లూరు, గుంటూరు, కర్నూలు జిల్లాల ముక్కలతో ఒంగోలు జిల్లా ఏర్పడింది, 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. అప్పుడు బోర్డు బడిగా ఉన్నది, 1959లో జిల్లా పరిషత్తులు వచ్చాక పరిషత్తు బడి అయింది. కాగితాలు ఒక జిల్లా కచేరీ నుంచి ఇంకో జిల్లా కచేరీకి మారుతూ పోయాయి. 2022లో కందుకూరు మళ్లీ నెల్లూరుకు, వెంకటగిరి తిరుపతి జిల్లాకు వెళ్లినప్పుడు కూడా జరిగింది ఇదే. మా ప్రాంతంలో పాత కాగితం వెతకాలంటే ముందు ఆ ఏడు ఆ ఊరు ఏ జిల్లాలో ఉందో తెలుసుకోవాలి.

తేదీ తేలింది. తేలగానే దానికన్నా పెద్ద ప్రశ్న లేచి కూర్చుంది. 1955 నాటికి జమీందారీ లేదు. మరి వచ్చిన రాజావారు దేనికి రాజావారు?

జమీందారీల రద్దు కథలో మా జిల్లాకు ప్రత్యేకమైన చోటుంది. 1937లో మద్రాసులో రాజాజీ మంత్రివర్గం ఏర్పడ్డాక, జమీందారీ ప్రాంతాల పరిస్థితిపై వేసిన విచారణ సంఘానికి అధ్యక్షుడు రెవెన్యూ మంత్రి టంగుటూరి ప్రకాశం. ఆయన పుట్టింది ఒంగోలు దగ్గరి వినోదరాయునిపాలెంలో. భూమికి యజమాని రైతే గాని జమీందారు కాడని, జమీందారు శిస్తు వసూలు చేసేవాడు మాత్రమేనని 1938లో ఆయన నివేదిక తేల్చింది. నెల్లూరు జిల్లాలో జమీను రైతులు 1930 ప్రాంతాల నుంచే కదులుతున్నారు. ఒక వారపత్రిక 'జమీన్ రైతు' అన్న పేరుతో నెల్లూరు నుంచి రావడమే ఆ కాలపు వేడిని చెప్తుంది. పశువులు మేసినందుకు పుల్లరి, అడవిలో కట్టె కొట్టినందుకు రుసుము, చెరువు మరమ్మతు చేయించకపోయినా తగ్గని శిస్తు, ఇవీ వాళ్ల బాధలు. 1947లో శిస్తు తగ్గింపు చట్టం వచ్చింది. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చింది, ఆ సంవత్సరపు 26వ చట్టం అది. 1949లో పెద్ద ఎస్టేట్లను ప్రభుత్వం స్వాధీనం చేసుకోవడం మొదలైంది. నష్టపరిహారం కూడా ఒకే తీరున ఇవ్వలేదు. ఆదాయం నుంచి లెక్కగట్టిన మూల వార్షిక మొత్తానికి అతి చిన్న ఎస్టేట్లకు 30 రెట్లు, లక్ష దాటిన పెద్ద ఎస్టేట్లకు పన్నెండున్నర రెట్లు చొప్పున కట్టారు. ఎంత పెద్ద రాజా అయితే అంత తక్కువ రెట్లు.

చాలామంది రాజభరణాలను కూడా ఇక్కడ కలిపేస్తారు. "ఇందిరాగాంధీ రాజభరణాలు తీసేసింది, దాంతో మన రాజాలు చితికిపోయారు" అన్న మాట నేను నెల్లూరులో ఎన్నోసార్లు విన్నాను. 1971లో 26వ రాజ్యాంగ సవరణతో పోయిన ఆ భరణాలు సంస్థానాధీశులవి. మన జమీందార్లకు అవి ఎప్పుడూ లేవు. వాళ్ల ఆదాయం అంతకు ఇరవై రెండేళ్ల ముందే పోయింది. (అక్కడ ఇరవై ఆరో చట్టం, ఇక్కడ ఇరవై ఆరో సవరణ. పరీక్షలో పిల్లలు ఈ రెంటినీ కలిపి రాస్తే నేను సగం మార్కులు వేసేవాణ్ణి.) బిరుదుల విషయం కూడా అంతే. రాజ్యాంగం 18వ అధికరణం ప్రభుత్వం కొత్తగా బిరుదులు ఇవ్వకూడదంది. ఊరివాళ్లు ఒకరిని రాజావారు అని పిలవకూడదని ఎక్కడా అనలేదు. శిస్తు పోయింది, పేష్కష్ పోయింది, ఠాణా (శిస్తు వసూలు కచేరీ) పోయింది, పిలుపు పోలేదు. ఏ చట్టంలోనూ దాన్ని రద్దు చేసే సెక్షను లేదు.

ఇంతకీ ఆయన మా బడికే ఎందుకు వచ్చారన్నది మేనత్త చెప్పగలిగిన సంగతి కాదు, మా నాయన చెప్పాడు. జమీ రోజుల్లో మా ఊళ్లో దివాణం వారి ఠాణా ఒకటి ఉండేది. రాతి గోడలు, టేకు దూలాలు, ముందు వైపు నాలుగు స్తంభాల వసారా. సంక్రాంతి దాటాక అమీను అందులో మకాం వేస్తే చుట్టుపక్కల ఊళ్ల రైతులు వచ్చి శిస్తు కట్టి రసీదు తీసుకునేవాళ్లు. రద్దు చట్టం 18వ సెక్షను ప్రకారం ఎస్టేటు వ్యవహారాలకు కచేరీగా వాడుతున్న భవనం ప్రభుత్వపరం అయింది. అప్పటిదాకా గుడి మంటపంలో, వానొస్తే పశువుల కొట్టంలో నడిచిన మా బడి ఆ ఠాణాలోకి మారింది. ఆ 1955 ఫిబ్రవరిలో రాజావారు చెప్పులు విడిచి లోపలికి వెళ్లింది అయిదారేళ్ల కిందటి వరకూ తన సొంతమైన ఇంట్లోకి! ముఖ్య అతిథిగా, వేరేవాళ్లు వేసిన కుర్చీలో కూర్చోవడానికి.

జమీందార్లు చదువుకు ఏమీ చేయలేదనడం తప్పు. నెల్లూరులో వి.ఆర్. హైస్కూలు, వి.ఆర్. కళాశాల అన్నప్పుడు ఆ రెండక్షరాలు వెంకటగిరి రాజావే. జిల్లాలో రెండు మూడు తరాల వకీళ్లు, డాక్టర్లు, ఉద్యోగులు ఆ ప్రాంగణం నుంచి వచ్చారు. అయితే ఆ దానం పట్నంలో కనిపించినంతగా శిస్తు కట్టిన మెట్ట పల్లెల్లో కనిపించలేదన్నది నా అభిప్రాయం. మా ఊరు దివాణానికి నూట యాభై ఏళ్లు శిస్తు కట్టింది. దాని చేతి నుంచి బడికి కప్పు దక్కింది మాత్రం చట్టం లాక్కుని ఇచ్చాకే.

ఆ రోజు ఖర్చు సంగతి కూడా మేనత్తను తిప్పి తిప్పి అడిగాను. బడిలో నూట ఇరవై మంది దాకా పిల్లలు. తలకొక బేడ చొప్పున రాజావారికి అయింది 15 రూపాయలు. తోరణాలకు, కొబ్బరి మట్టల పందిరికి, అతిథికి తెప్పించిన సోడాలకు, ఫలహారానికి పిల్లల దగ్గర అణా చొప్పున వసూలు చేశారు. అంటే ఇచ్చిన దాంట్లో సగం పిల్లలు ముందే కట్టి ఉన్నారు. దారి చదును చేసినవాళ్లకు కూలి ఇవ్వలేదు. జమీ పోయినా వెట్టి అలవాటు పోవడానికి ఇంకా కొంతకాలం పట్టింది. మామిడాకులు తెచ్చిన పిల్లలకు ముందు వరస, తేనివాళ్లకు వెనక వరస. మేనత్త ఆకులు తేలేదు, వెనకనే నిలబడింది. కర్నూలు అని అరిచిన గొంతుల్లో ఆమెదీ ఒకటి.

వెనక వరసకు కూడా రానివాళ్లు ఉన్నారు. ఊరి చివర మిషను వాళ్ల చిన్న బడి ఉండేది. ఒంగోలు, నెల్లూరు, కనిగిరి ప్రాంతాల్లో మాదిగ పల్లెలకు అక్షరం మొదట తీసుకెళ్లింది అమెరికన్ బాప్టిస్టు మిషను వాళ్లే. 1876-78 కరువు తర్వాత, 1878 జూలై 3న ఒక్క రోజే 2,222 మంది బాప్టిస్మం తీసుకున్న చరిత్ర మా గుండ్లకమ్మ ఒడ్డుది. ఆ బడి పిల్లలు ఆ రోజు చింతచెట్టు అవతల బారుగా నిలబడ్డారట. కారు ఆగకుండా వాళ్లను దాటి వచ్చింది. ఎవరూ వాళ్లను రమ్మనలేదు, పొమ్మనలేదు. రాజ్యాంగం 17వ అధికరణంతో అంటరానితనాన్ని నిషేధించి అప్పటికి అయిదేళ్లు. దాన్ని నేరంగా శిక్షించే చట్టం అమల్లోకి వచ్చింది ఆ ఏడే, జూన్ 1న. మేనత్త ఈ సంగతి తనంతట తాను ఎప్పుడూ చెప్పలేదు. బేడలు అందరికీ వచ్చాయా అని నేను అడిగితే, కాసేపు ఊరుకుని చెప్పింది. పెళ్లిళ్లలో జరిగిన తగువుల్లో ఈ ముక్క ఒక్కసారి కూడా రాలేదు.

పెద్దవాళ్ల జ్ఞాపకాలను నమ్మవచ్చా అని నా దగ్గర చదువుకున్నవాళ్లు అడుగుతుంటారు. నా అనుభవంలో రుచి, కాలం, చేతికి తగిలిన వస్తువు, నవ్వొచ్చిన సంఘటన, వీటిని జనం బాగా గుర్తుపెట్టుకుంటారు. సంవత్సరాన్ని, హోదాను, వరుసను కలిపేస్తారు. అందుకే 'ఏ ఏడు?' అని అడగడం కన్నా 'ఆ రోజు ఏం తిన్నారు?' అని అడిగితే సంవత్సరం దానంతటది బయటపడుతుంది. తాటిముంజలకూ రేగిపళ్లకూ మధ్య ఉన్న తేడాతోనే మా ఇంటి తగువు సగం తీరింది.

మిగిలింది మా తాత సంగతి. ఊరి పెద్దరైతుల్లో ఒకడిగా ఆయన్నీ ఆ రోజు బడికి పిలిచారు. వసారాలో పెద్దలకోసం బెంచీలు వేశారు. తాత మాత్రం తూర్పు వైపు మొదటి స్తంభం పక్కన, తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని నిలబడ్డాడు. శిస్తు కట్టడానికి వచ్చినప్పుడు రసీదు పిలుపు వచ్చేదాకా ఆయన నిలబడే చోటు అదేనని మా నాయన చెప్పాడు. హెడ్మాస్టరు వచ్చి కూర్చోమన్నాడు. చివరికి రాజావారే కుర్చీలోంచి చూసి, "కూర్చో రెడ్డీ, ఇప్పుడిది మీ ఇల్లేగా" అన్నారట. తాత చేతులు జోడించాడు, "చిత్తం" అన్నాడు, సభ అయ్యేదాకా ఆ స్తంభం వదల్లేదు.